జింబాబ్వే భూమి సమస్య – శామ్ మోయో కృషి

రెండు సంవత్సరాల క్రితం మా ఊరి విద్యార్థులు నడుపుకునే అధ్యయన తరగతిలో భూసంస్కరణలను గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను తెలుగు సాహిత్యం చదివి, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అర్థశాస్త్రంలో పట్టా ఉన్నవాణ్ణి కాను. అయినా తెలంగాణా పోరాట సాహిత్యాన్ని పాఠంగా చెప్పేవాడు భూమి సంగతి తప్పించుకోలేడు గనుక ఒప్పుకున్నాను. "దున్నేవానికే భూమి" అన్న నినాదం పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, ప్రపంచంలో ఆ నినాదం నెగ్గిన చోట్లను పేర్కొంటూ చివరకు జింబాబ్వే పేరు ఎత్తాను. తెల్ల భూస్వాముల క్షేత్రాలను అక్కడి నల్ల రైతులు స్వాధీనం చేసుకున్నారనీ, మన శతాబ్దంలో ఇది మొదటి పెద్ద రైతు విజయమనీ ఆవేశంగా చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగిన తరువాత అర్థశాస్త్రం చదువుతున్న ఒక కుర్రవాడు లేచాడు. "సార్, భూములు పంచిన తరువాత ఆ దేశం తిండిగింజలు దిగుమతి చేసుకున్నది. నూరు లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చువేసుకున్నది. మా పాఠంలో జింబాబ్వే వినాశనానికి ఉదాహరణ. మీరేమో విజయమంటున్నారు. ఏది నిజం?" అన్నాడు. అతనికి ఏదో ఒక జవాబు చెప్పగలిగేవాణ్ణేమో. కాని వెనుక వరసలోనుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం నోట మాట రాలేదు. "ఆ క్షేత్రాలలో అంతకుముందునుంచీ కూలి చేస్తున్నవాళ్ళకు భూమి వచ్చిందా సార్?" అని ఆమె అడిగింది.

నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ క్షణం వరకు నాకు తెలియదు. కూలివారి పక్షాన మాట్లాడుతున్నానని అనుకుంటూనే, కూలివారిని పూర్తిగా మరచిపోయి ఒక విజయగాథ చెప్పాను. ఆ సిగ్గుతోనే చదవటం మొదలుపెట్టాను. ఆ చదువులో నాకు దొరికిన మనిషి శామ్ మోయో. ఈ వ్యాసం ఆయనను పొగడటానికి రాస్తున్నది కాదు. ఒక దేశపు భూమి సమస్యను ఒక పండితుడు మూడు దశాబ్దాల పైచిలుకు ఎట్లా వెంబడించాడో, ఆ వెంబడింపులో స్వపక్షానికి కూడా ఇబ్బంది కలిగించే లెక్కలను ఎట్లా దాచకుండా చెప్పాడో మన విద్యార్థులూ అధ్యాపకులూ తెలుసుకోవటం అవసరమని రాస్తున్నాను.

శామ్ మోయో 1954లో పుట్టాడు. ఆనాటికి ఆ దేశం పేరు దక్షిణ రొడీషియా. సరిగా అదే సంవత్సరం ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికవేత్త "అపరిమిత శ్రమశక్తి" గల దేశాల అభివృద్ధిని గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అభివృద్ధి అర్థశాస్త్రానికి అది పునాది వ్యాసాలలో ఒకటి. లూయిస్‌కు 1979లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆయన స్వయంగా కరిబియన్ దీవులలో పుట్టిన నల్లజాతి మేధావి. ఆయన సిద్ధాంతాన్ని స్థూలంగా ఇట్లా చెప్పవచ్చును. వెనుకబడిన దేశంలో రెండు రంగాలుంటాయి. ఒకటి కుటుంబమంతా పాటుపడి పొట్టపోసుకునే పాత రంగం. రెండవది పెట్టుబడితో నడిచే కొత్త రంగం. పాత రంగంలో మనుషులు అవసరానికి మించి ఉన్నారు. వాళ్ళు కొద్దిపాటి కూలికే కొత్త రంగంలోకి వస్తూపోతారు. కూలి పెరగదు కాబట్టి లాభం పెరుగుతుంది. లాభం మళ్ళీ పెట్టుబడి అవుతుంది. ఇట్లా దేశం ముందుకు పోతుంది.

ఈ సిద్ధాంతంలో చరిత్ర అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆ "అపరిమిత శ్రమశక్తి" ఎక్కడినుంచి వచ్చింది? వాన కురిసినట్లు, నది పారినట్లు అది ప్రకృతి సహజమైనదా? న్యాయంగా చెప్పాలంటే లూయిస్‌కు ఈ సంగతి తెలియకపోలేదు. వలసపాలకులు భూమి లాక్కొనీ, పన్నులు వేసీ, వెట్టి చేయించీ ఆఫ్రికా రైతాంగాన్ని పేదరికంలోకి నెట్టారని ఆ వ్యాసంలోనే ఆయన ఒకచోట చెప్పాడు. కాని ఆయన ప్రసక్తికి తెచ్చి వదిలేసిన ఆ మాటను ఆయన తరువాతివారు పూర్తిగా వదిలేశారు. 1961లో బార్బర్ అనే ఆర్థికవేత్త ఈ సిద్ధాంతాన్ని రొడీషియాకు అన్వయించి పుస్తకం రాసినప్పుడు, ఆఫ్రికన్లు పొలం వదలి గనులకూ క్షేత్రాలకూ కూలికి పోవటం అభివృద్ధి క్రమంలో సహజంగా జరిగిన మార్పుగానే కనిపించింది.

దీనిని ఎదిరించినవాడు జొవాన్ని ఆరిగీ అనే ఇటలీ దేశపు యువ అధ్యాపకుడు. ఆయన 1963లో సాలిస్‌బరీ నగరంలోని విశ్వవిద్యాలయ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పటానికి వెళ్ళాడు. ఆ సాలిస్‌బరీయే నేటి హరారే. 1966లో తెల్ల ప్రభుత్వం ఆయనను నిర్బంధించి దేశంనుంచి వెళ్ళగొట్టింది. ఆయన టాంజానియాలోని దారెస్సలాం చేరి పని కొనసాగించాడు. 1970లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఆరిగీ చేసిన పని ఒక్కటే: సిద్ధాంతాన్ని తీసుకొనిపోయి చరిత్ర ముందు నిలబెట్టాడు.

ఆ చరిత్ర ఏమిటి? సెసిల్ రోడ్స్ స్థాపించిన బ్రిటిష్ దక్షిణాఫ్రికా కంపెనీకి 1889లో రాణిగారి సనదు దొరికింది. 1890 సెప్టెంబరులో ఆ కంపెనీ దండు సాలిస్‌బరీలో జెండా ఎత్తింది. ఆ దండులో నడిచిన ప్రతి తెల్లవానికి 3,000 ఎకరాల భూమి ఇస్తామని ముందే వాగ్దానం! ఆ భూమి కంపెనీది కాదు, రాణిగారిది అంతకన్నా కాదు. అది షోనా ప్రజలది. 1893లో ఎన్‌డెబెలె రాజ్యం మీద దండెత్తినప్పుడు వాగ్దానం ఇంతకు రెట్టింపు. 1896–97లో ప్రజలు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటునే వాళ్ళు మొదటి చిమురెంగా అంటారు. దానికి ఆత్మబలం ఇచ్చిన నెహాండా అనే స్త్రీని 1898లో ఉరితీశారు.

భూమి పోయినంతమాత్రాన కూలీలు దొరకలేదు. ఇక్కడ ఆరిగీ చూపిన విషయం మనం జాగ్రత్తగా గమనించాలి. మొదటి సంవత్సరాలలో ఆఫ్రికన్ రైతులు గనుల పట్టణాలకు ధాన్యమూ పశువులూ అమ్మి డబ్బు సంపాదించుకున్నారు. మార్కెట్ అంటే వారికి భయం లేదు, బద్ధకం అసలే లేదు. సొంత సేద్యం గిట్టుబాటు అయినంతకాలం గనిలోకి దిగవలసిన అవసరం వారికి కనిపించలేదు. తెల్లవారికి కావలసినది మాత్రం పోటీకి వచ్చే రైతు కాదు, చవకగా దొరికే కూలి. కాబట్టి 1894లో గుడిసెకు పది షిల్లింగులు పన్ను వేశారు. 1904లో వయసు వచ్చిన ప్రతి మగవానికి ఒక పౌను తలపన్ను వేశారు. పన్ను నాణేలలోనే కట్టాలి. మంచి నేలలనుంచీ, రైలు దారుల దాపునుంచీ ఆఫ్రికన్లను తరిమి రిజర్వులలోకి నెట్టారు. ఇక 1930 నాటి భూవిభజన చట్టం ఈ పనిని చట్టబద్ధం చేసింది. సుమారు యాభై వేలమంది తెల్లవారికి దాదాపు 4 కోట్ల 90 లక్షల ఎకరాలు. పది లక్షలకు పైబడిన ఆఫ్రికన్లకు రిజర్వుల పేర 2 కోట్ల 10 లక్షల ఎకరాలు. స్తోమత ఉన్నవారు కొనుక్కోవటానికి విడిగా మరో 75 లక్షల ఎకరాలు. ఆ మరుసటి సంవత్సరం మొక్కజొన్న నియంత్రణ చట్టం తెచ్చి ఆఫ్రికన్ రైతు పంటకు తక్కువ ధర కట్టారు.

అనగా "అపరిమిత శ్రమశక్తి" అభివృద్ధికి మొదటి మెట్టు కాదు, దోపిడి చేసి తయారుచేసిన సరుకు. రిజర్వులో ఆడవాళ్ళు బక్కనేల గీకి పిల్లలనూ ముసలివాళ్ళనూ సాకుతారు కాబట్టి, గనిలో మగవానికి ఒంటరివాని కూలి ఇస్తే సరిపోతుంది. జబ్బు చేస్తే రిజర్వుకు పోతాడు. ముసలివాడైతే రిజర్వుకే పోతాడు. గని యజమాని ఇవ్వని పింఛను ఆ బక్కనేల ఇస్తుంది. ఈజిప్టు దేశపు మార్క్సిస్టు సమీర్ అమీన్ దక్షిణాఫ్రికా ఖండభాగాన్ని మొత్తంగా "శ్రమ రిజర్వుల ఆఫ్రికా" అని పేరు పెట్టి వర్గీకరించటానికి కారణం ఇదే.

మోయో పెరిగినది ఈ దేశంలో. సియెర్రా లియోన్‌లోని ఫౌరా బే కళాశాలలో చదువుకొని, నైజీరియా విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెప్పి, తరువాత ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంనుంచి డాక్టరేటు పొందాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత స్వదేశానికి తిరిగివచ్చి హరారేలోని అభివృద్ధి అధ్యయన సంస్థలో పరిశోధకుడుగా చేరాడు. అప్పటికి ఆ దేశపు మేధావులలో చాలామందికి భూమి సమస్య పరిష్కారమయ్యే దారిలో పడిందనే నమ్మకం ఉన్నది. ఆయనకు ఆ నమ్మకం నిలవలేదు. కారణం లాంకాస్టర్ హౌస్ ఒప్పందం.

1979 డిసెంబరులో లండన్‌లో జరిగిన ఈ ఒప్పందంతోనే సాయుధ పోరాటం ఆగి, 1980 ఏప్రిల్ 18న జింబాబ్వే స్వతంత్రమైనది. కాని ఒప్పందంలో ఒక మెలిక ఉన్నది. పది సంవత్సరాల వరకు భూమిని "ఇష్టపడి అమ్మేవానినుంచి ఇష్టపడి కొనేవాడు" మాత్రమే తీసుకోవాలి. బలవంతంగా తీసుకుంటే వెంటనే, అది కూడా విదేశీ ద్రవ్యంలో, పూర్తి ధర చెల్లించాలి. ఆనాటికి సుమారు ఆరు వేలమంది తెల్ల రైతుల చేతిలో 1 కోటి 55 లక్షల హెక్టార్లు. ఏడు లక్షల ఆఫ్రికన్ కుటుంబాల చేతిలో దాదాపు అంతే విస్తీర్ణం, అందులో ఎక్కువభాగం వర్షాభావ ప్రాంతం. దొంగిలించినవాడు ఇష్టపడితే, సొమ్ముగలవాడు దొంగసొత్తును కొనుక్కోవచ్చునన్నమాట! 1,62,000 కుటుంబాలకు భూమి ఇస్తామని కొత్త ప్రభుత్వం లక్ష్యం పెట్టుకున్నది. పది సంవత్సరాలు గడిచేసరికి ఇచ్చినది యాభై వేల పైచిలుకు కుటుంబాలకు.

1980 దశకంలోనూ, ఆ తరువాతి దశకంలోనూ మోయో చేసిన పరిశోధన మూడు విషయాలను నిలబెట్టింది. మొదటిది: పెద్ద క్షేత్రాలలో చాలా భూమి సాగులో లేకుండా పడివున్నది. పెద్ద కమతమే సమర్థమైనదన్న వాదం కాగితంమీద తప్ప పొలంలో నిలబడదు. రెండవది: భూమి ఆకలి చల్లారలేదు. బీడుపడిన క్షేత్రాలలోకి చుట్టుపక్కల పేదలు చప్పుడు లేకుండా చొరబడి దున్నుకోవటం స్వాతంత్ర్యం వచ్చిన మొదటినుంచీ సాగుతూనే ఉన్నది. ప్రభుత్వం వీరిని "అక్రమ చొరబాటుదారు"లని పోలీసులచేత వెళ్ళగొట్టించింది. మూడవది: 1991లో ప్రపంచబ్యాంకు, ద్రవ్యనిధి సంస్థల సలహాతో మొదలైన ఆర్థిక సర్దుబాటు కార్యక్రమం భూమి సమస్యను తీర్చకపోగా ముదిరేటట్లు చేసింది. మషోనాలాండ్ రాష్ట్రాలలో భూమి వినియోగం ఎట్లా మారిందో మోయో పరిశీలించాడు. ఎగుమతికి పూలు, కూరగాయలు, విదేశీ వేటగాళ్ళ కోసం వన్యమృగాల పెంపకం – పెద్ద క్షేత్రాలు వీటివైపు తిరిగాయి. పట్టణాలలో ఉద్యోగాలు ఊడి పల్లెకు తిరిగివచ్చేవారికేమో అడుగు నేల కూడా మిగలలేదు. 1995లో వెలువడిన "జింబాబ్వేలో భూమి ప్రశ్న" అన్న ఆయన పుస్తకం ఈ వాదానికి ఆధారగ్రంథం.

ఆ తరువాత జరిగినది అందరికీ తెలిసిన కథే అయినా క్రమం మరచిపోకూడదు. 1997 నవంబరులో బ్రిటిష్ మంత్రి క్లేర్ షార్ట్ జింబాబ్వే వ్యవసాయమంత్రికి ఉత్తరం రాస్తూ, భూమి కొనుగోలు ఖర్చు భరించే ప్రత్యేక బాధ్యత తమకున్నదని తమ ప్రభుత్వం అంగీకరించదని తేల్చిచెప్పింది. 1998 జూన్‌లో స్వోస్వె ప్రాంతపు గ్రామస్థులు పక్కనున్న క్షేత్రాలలోకి ప్రవేశించారు. 2000 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రతిపాదించిన కొత్త రాజ్యాంగాన్ని ప్రజలు ఓటుతో తిరస్కరించారు. వెనువెంటనే మాజీ గెరిల్లా యోధుల నాయకత్వాన ఆక్రమణలు దేశమంతటా వ్యాపించాయి. ఓటమి భయంలో పడిన పాలకపక్షం అంతవరకు తాను అణచిన ఉద్యమాన్నే తలకెత్తుకున్నది. ఆ జూలైలో "త్వరిత భూసంస్కరణ" ప్రకటించింది. దశాబ్దం చివరికి 70 లక్షల హెక్టార్లకు పైగా భూమి సుమారు 1,70,000 కుటుంబాల చేతికి మారింది. ఈ క్రమంలో హత్యలు జరిగాయి, దెబ్బలు తగిలాయి, ప్రతిపక్షం మీద దౌర్జన్యం సాగింది. 2008కి నాణెం విలువ పూర్తిగా పడిపోయింది. మా విద్యార్థి చెప్పిన నోటు 2009 జనవరిలో అచ్చయినదే.

ఈ సమయంలో ప్రపంచంలో రెండే గొంతులు వినిపించాయి. భూమంతా అధ్యక్షుడు ముగాబే అనుచరులు పంచుకుతిన్నారనీ, రైతుకు దక్కినది శూన్యమనీ పశ్చిమదేశాల పత్రికలు రాశాయి. విప్లవం పరిపూర్ణమైనదని ప్రభుత్వ పత్రికలు రాశాయి. నేను ఆ రోజు అధ్యయన తరగతిలో రెండవ గొంతుతో మాట్లాడాను. మా విద్యార్థి పాఠ్యపుస్తకం మొదటి గొంతుతో మాట్లాడింది. ఇద్దరిలో ఎవరూ పొలంలోకి పోయి చూడలేదు.

మోయో పోయి చూశాడు. 2002లో ఆయన హరారేలో ఆఫ్రికా వ్యవసాయ సంబంధాల అధ్యయనసంస్థను స్థాపించాడు. 2005–06లో ఆయనా, ఆయన సహచరులూ ఆరు జిల్లాలలో రెండు వేలకు పైగా కుటుంబాలను ఇంటింటికీ పోయి ప్రశ్నించారు. మీరు ఎక్కడినుంచి వచ్చారు? ఇంతకుముందు ఏం చేసేవారు? ఎంత భూమి వచ్చింది? ఎంత దున్నారు? ఎద్దులున్నాయా? విత్తనం ఎక్కడిది? ఎవరైనా మిమ్మల్ని వెళ్ళగొడతామని బెదిరించారా? క్షేత్రాలలోని కూలీలను విడిగా ప్రశ్నించారు. ఇంతటి పెద్ద సంఘటనను గురించి ప్రపంచం తీర్పులు చెబుతుంటే, ఒక చిన్న సంస్థ కాగితమూ కలమూ పట్టుకొని గడప గడపకూ తిరిగింది.

లెక్క ఏం చెప్పింది? భూమి పొందినవారిలో అధిక సంఖ్యాకులు రిజర్వులనుంచి వచ్చిన సామాన్య రైతులూ, పట్టణాలలో పని దొరకనివారూ. భూమంతా పాలకుల అనుచరులకే పోయిందన్న మాట నిజం కాదు. ఇదే సమయంలో ఇయన్ స్కూన్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడూ, జింబాబ్వేలోని ఆయన సహచరులూ మస్వింగో రాష్ట్రంలో 400 కుటుంబాలను విడిగా పరిశీలించి 2010లో పుస్తకం వేశారు. అక్కడ కూడా మూడింట రెండువంతులమంది సామాన్యులే. వేరువేరు దారులలో నడిచిన రెండు సర్వేలు ఒకేచోటికి చేరటం చిన్న విషయం కాదు.

మోయో ఇక్కడితో ఆగివుంటే ప్రభుత్వం ఆయనకు సన్మానం చేసి ఉండేది. ఆగలేదు. ఆయనా, ఆయన సంస్థా రాసిన వాటిలో పాలకులకు రుచించని సంగతులు ఉన్నాయి. మచ్చుకు మూడింటిని చెబుతాను.

ఒకటి. భూమిని రెండు రకాలుగా పంచారు: సన్నకారు కుటుంబాలకు ఏ-1 అనీ, పెట్టుబడి పెట్టగలవారికి ఏ-2 అనీ. ఏ-2లో సంఖ్య తక్కువ, కమతం పెద్దది. అధికారులూ, వ్యాపారులూ, పార్టీ పెద్దలూ దూరినది ఇక్కడే. ఒకే కుటుంబం పేర అనేక క్షేత్రాలున్నాయని ప్రభుత్వం నియమించిన ఉటెటె సంఘమే 2003లో ఒప్పుకున్నది. కంచే చేను మేసిందన్నమాట. ఈ నేపథ్యంలో మోయో అన్నదేమిటంటే, పాత రెండంతస్తుల వ్యవస్థ పోయి మూడంతస్తుల వ్యవస్థ వచ్చింది: కింద విశాలమైన చిన్నరైతాంగం, మధ్యలో కొత్త పెట్టుబడిదారీ రైతులు, పైన మిగిలిపోయిన పెద్ద ఎస్టేట్లు. సర్కారు సహాయం కోసం ఈ మూడింటి మధ్య కొత్త వర్గపోరాటం సాగుతుంది.

రెండు. స్త్రీలు. ఉటెటె సంఘం లెక్క ప్రకారమే ఏ-1లో 18 శాతం, ఏ-2లో 12 శాతం మాత్రమే స్త్రీల పేర ఇచ్చారు. శ్రమ రిజర్వులను నూరేళ్ళు మోసినది స్త్రీ అని సిద్ధాంతం చెబుతుంటే, ఆ నేలను పంచేటప్పుడు ఆమె మళ్ళీ మగవాని పేరు వెనుక నిలబడవలసి వచ్చింది.

మూడు. మా అమ్మాయి ప్రశ్న. తెల్ల రైతుల క్షేత్రాలలో మూడు లక్షలకు పైగా కూలీలు పనిచేసేవారు. వారిలో ఎందరో మలావీ, మొజాంబిక్, జాంబియాలనుంచి పాతకాలంలో తెచ్చిన కూలీల పిల్లలు, మనుమలు. భూమి వచ్చినది వారిలో బహు కొద్దిమందికి. వాళ్ళు యజమానుల మనుషులనీ, పరదేశీయులనీ, ప్రతిపక్షానికి ఓటేస్తారనీ అనుమానించారు. కొందరు చెదిరిపోయారు. చాలామంది అవే క్షేత్రాల కూలి లైన్లలో ఉండిపోయి, కొత్త రైతుల దగ్గర చాలీచాలని రోజుకూలికి పనిచేశారు. యజమాని మారాడు, కూలి మారలేదు. ఆ అమ్మాయికి నేను ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది.

ఇన్ని చెప్పినా మోయో తన నిర్ణయం మార్చుకోలేదు. వలసపాలకులు చేసిన దోపిడిని తిరగదోడిన ఈ మార్పు చరిత్రలో ముందడుగేననీ, దాని లోపాలు చూపి వెనుకకు పొమ్మనటం తప్పనీ ఆయన వాదించాడు. పారిస్ యెరోస్‌తో కలిసి 2007లో రాసిన వ్యాసంలో ఆయన దీనిని "మధ్యలో ఆగిన విప్లవం"గా వర్ణించాడు. దీని మీద వామపక్షంలోనే పెద్ద వాదోపవాదం జరిగింది. బ్రయన్ రాఫ్టోపౌలోస్ వంటి జింబాబ్వే మేధావులు, భూమి పేరు చెప్పి ప్రభుత్వం ప్రజాస్వామిక హక్కులను కాలరాస్తుంటే దానికి ఇట్లాంటి రచనలు అండ అవుతాయని విమర్శించారు. ఈ విమర్శలో కొంత నిజమున్నదనే నేను అనుకుంటాను. 2005లో అదే ప్రభుత్వం పట్టణపేదల గుడిసెలు కూలగొట్టింది. ఏడు లక్షలమంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో కోల్పోయారని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. పల్లెలో భూమి ఇచ్చిన చెయ్యీ, పట్టణంలో గుడిసె కూల్చిన చెయ్యీ ఒక్కటే. మోయో మొదటి చేతిని చూసినంత నిశితంగా రెండవ చేతిని చూడలేదని అనిపిస్తుంది. అయితే ఈ మాట కూడా నేను అనగలుగుతున్నది ఆయన లెక్కలు నా ముందున్నందువల్లనే. ఆయన లెక్కలు దాచిపెట్టివుంటే ఆయనను విమర్శించటానికి మనకు ఆధారమే ఉండేది కాదు.

ఇక మా విద్యార్థి అడిగిన ప్రశ్న. దిగుబడి పడిపోయిన మాట నిజమే. దానికి ఆక్రమణల గందరగోళం ఒక కారణం. 2001–02లో వచ్చిన తీవ్రమైన కరువూ, రైతుకు అప్పూ ఎరువూ అందకపోవటమూ, అంతర్జాతీయ రుణాలకు అడ్డుపడుతూ 2001లో అమెరికా చేసిన చట్టమూ, ప్రభుత్వం అదుపు లేకుండా నోట్లు అచ్చువేయటమూ తక్కిన కారణాలు. పొగాకు సంగతి చూద్దాము. మన ఒంగోలు ప్రాంతపు రైతులు ఎరిగిన వర్జీనియా పొగాకే అది. 2000లో 23 కోట్ల 70 లక్షల కిలోలు పండింది. 2008కి 4 కోట్ల 80 లక్షల కిలోలకు దిగజారింది. 2014కి మళ్ళీ 21 కోట్ల 60 లక్షల కిలోలకు చేరింది. పూర్వం దీనిని పండించినవారు కొద్దిమంది పెద్ద రైతులు. ఇప్పుడు పండించేవారు వేలాది చిన్నరైతులు. చిన్నరైతు చేతకానివాడన్న మాటకు ఇంతకంటె జవాబు అక్కరలేదు. కాని ఈ పంటలో అధికభాగం కంపెనీలు ముందుగా అప్పిచ్చి, తరువాత పంట తీసుకునే ఒప్పందసేద్యం. భూమి రైతు చేతికి వచ్చినా పంట మీద పెత్తనం కంపెనీకి పోతే ఏమవుతుందో మోయో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఒంగోలులో కూడా అర్థమవుతుంది.

మోయో చేసిన మరొక పనిని ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆఫ్రికా రైతును గురించిన శాస్త్రం లండన్‌లోనూ, వాషింగ్టన్‌లోనూ తయారై ఆఫ్రికాకు ఎగుమతి కావటం ఆయనకు నచ్చలేదు. ఆఫ్రికా సాంఘికశాస్త్రవేత్తలు 1973లో డకార్‌లో స్థాపించుకున్న పరిశోధనా మండలి కోడెస్రియాకు ఆయన 2011 వరకు అధ్యక్షుడుగా పనిచేశాడు. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, భారతదేశపు పరిశోధకులను కూర్చి 2012నుంచి "అగ్రేరియన్ సౌత్" అనే పత్రికను నడిపాడు. ఆ పత్రిక అచ్చయినది మన దేశంలోనే. ఏటా హరారేలో యువపరిశోధకులకు తరగతులు పెట్టాడు. 2015 నవంబరులో శ్రమజీవుల సమస్యలపై జరిగిన సదస్సు కోసం ఢిల్లీ వచ్చాడు. అక్కడ రోడ్డు ప్రమాదంలో గాయపడి నవంబరు 22న మరణించాడు. ఆయనకు అప్పుడు అరవై ఒకటి. ఆయన సంస్థ నేడు ఆయన పేరుతోనే నడుస్తున్నది.

ఆయన పోయిన తరువాత కూడా ప్రశ్న మూతపడలేదు. 2020 జూలైలో జింబాబ్వే ప్రభుత్వం తెల్ల రైతులకు, భూమికి కాక దానిమీది కట్టడాలకూ అభివృద్ధి పనులకూ, 350 కోట్ల అమెరికన్ డాలర్ల పరిహారం చెల్లిస్తామని ఒప్పందం రాసుకున్నది. 2024 చివరలో కొత్త రైతులకు అమ్ముకోదగిన పట్టాలు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. పట్టా చేతికి వస్తే రైతుకు ధైర్యం వస్తుంది, నిజమే. అమ్ముకోదగిన పట్టా చేతికి వస్తే అప్పులవాడు కూడా వస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023లో ఇరవై సంవత్సరాలు దాటిన వాటిపై ఆ నిషేధాన్ని సడలిస్తూ సవరణ తెచ్చారు. ఈ సడలింపువల్ల లాభపడేది పేదవాడా, పేదవానిదగ్గర కొనేవాడా అని ఊరూరా తిరిగి లెక్క తీయవలసిన బాధ్యత ఎవరిది?

ఈ పని మనకు కొత్తది కాదు. తెలంగాణా సాయుధపోరాట నాయకులలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్యగారు 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఇంటింటి సర్వే చేయించారు. తుపాకి పట్టిన పోరాటాన్ని నడిపినవారు, అరవై ఏళ్ళ వయసులో ఎవరి కమతమెంత, ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఎవరు కూలికి పోతున్నారు అని లెక్క వేయించారంటే కారణం ఏమిటి? నినాదం పాతబడుతుంది, పల్లె మారుతుంది. మారిన పల్లెను మళ్ళీ లెక్కపెట్టకపోతే నినాదం ఎవరి పక్షాన పలుకుతున్నదో మనకే తెలియకుండా పోతుంది.

నేను ఆ విద్యార్థులను మళ్ళీ కలిశాను. జింబాబ్వేను గురించి నేను చెప్పినదానిలో ఒక భాగం నిజమనీ, ఒక భాగం నా అజ్ఞానమనీ ఒప్పుకొని, పైన రాసిన సంగతులన్నీ వివరించాను. ఆ అమ్మాయి అంతా విని, "మన ఊళ్ళో కౌలుకు చేసేవాళ్ళ పేర్లు ఏ కాగితంలో ఉన్నాయి సార్?" అని అడిగింది. ఈసారి తెలియదని వెంటనే చెప్పాను. వచ్చే వేసవి సెలవులలో మేము ఎనిమిదిమందిమి ఒక ఊరు ఎంచుకొని గడప గడపకూ పోవాలని నిర్ణయించుకున్నాము. ప్రశ్నల జాబితా తయారవుతున్నది. అందులో మొదటి ప్రశ్న పట్టా ఎవరి పేర ఉన్నదని కాదు. దున్నుతున్నది ఎవరు, కలుపు తీస్తున్నది ఎవరు అని.